హంసపాదు

గురువారం. జుమ్మేరాత్ బజార్.
ఒంటి చెప్పులు, ముళ్ళు లేని గడియారాలు,
ఏ తలుపులవో మరిచిపోయిన తాళంచెవుల కుప్ప.
వాటి మధ్య గోనెపట్టా మీద
ఒక ఇత్తడి చెంబు పక్కకి ఒరిగి
ఎవరి మాటో వింటున్నట్టుంది.

చేతిలోకి తీసుకున్నాను.
నడుం దగ్గర సొట్ట.
అడుగున మాటు వేసిన తగరపు మచ్చ.
అంచు కింద చుక్కలు చుక్కలుగా పొడిచిన పేరు:
అండామ్మ.
పొడిచాక గుర్తొచ్చినట్టుంది ఆయనకి,
డాకీ మ్మకీ మధ్య చిన్న హంసపాదు పెట్టి
ళని పైన ఇరికించాడు.
దాని కింద జనగామ, 1962.

ముప్పై ఒక్క ఏళ్ళు నా పనీ అదే.
చిక్కడపల్లిలో, ప్రెస్సు మెట్ల కింద గదిలో,
తడి ఆరని ప్రూఫుల మీద ఎర్ర పెన్నుతో
జారిపోయిన అక్షరాల్ని వెనక్కి పిలవడం.
సున్న రాలి పడగలైపోయిన పండగలు,
దీర్ఘం పోగొట్టుకుని కలంగా మిగిలిన కాలం,
ఎన్నిటిని ఇంటికి చేర్చానో.
తెల్లారి పేపర్లో నా జాడ ఉండేది కాదు.
ఉండకపోవడమే పనితనం అనేవారు.

ఇత్తడి మీద ఆ సుఖం లేదు.
పడ్డ దెబ్బ పడ్డట్టే ఉంటుంది,
తప్పూ దిద్దుబాటూ ఒకే చూరు కింద
అరవై ఏళ్ళు కాపురం చేస్తాయి.

పెళ్ళినాడు ఎవరో ఒకరు అనే ఉంటారు,
ఆదిలోనే హంసపాదని.
అండాళమ్మ నవ్విందో,
పందిరి వెనక్కి పోయి ముక్కు చీదుకుందో.
నాకు తెలిసింది ఒక్కటే:
అన్ని అక్షరాల్లోకీ ళయే ఎక్కువ అరిగింది.
చెంబు ఎత్తితే బొటనవేలు ఆనేది
సరిగ్గా అక్కడే.

"చింతపండు పెట్టి తోమితే బంగారమైతది అమ్మా"
అంది గౌసియాబీ.
"సొట్ట తీపిస్త, పేరు గీకిపిస్త,
యాభై రూపాయలు ఎక్కువియ్యి."
గీకకుండా ఇమ్మని, ఆ యాభై కూడా ఇచ్చాను.
నోటు ఎండకి ఎత్తి చూసి, నన్ను చూసి,
మళ్ళీ నోటుని చూసింది.

మర్నాడు మోండా మార్కెట్.
పేర్లు కొట్టే సాంబాచారి
చెంబుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
"ఈ పాత పేరు కింద్నేనా?" అన్నాడు.
కిందే.
చెయ్యి వణుకుతోంది కానీ ఉలి వణకడం లేదు.
టక్, టక్, టక్.
ఆఖరి చుక్క ఊదేసి అందించాడు.

ద్రాక్షాయణి.

నేను చూడటం చూసి ఆయనా చూశాడు.
కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని,
"అయ్యో" అన్నాడు. తర్వాత,
"మా చిన్నప్పుడు కొంపల్లి దిక్కు
అన్నీ ద్రాక్షతోటలేనమ్మా,
చెయ్యి అటు పోయింది."

అలవాటు చావదు కదా,
నా చెయ్యి సంచిలో ఎర్ర పెన్ను కోసం దేవులాడింది.
దొరికింది కూడా.
అలాగే పట్టుకుని నిలబడ్డాను కాసేపు.
తూకాలవాడి కేకలు, కొత్తిమీర తడి వాసన,
పైన ఎక్కడో మెట్రో వెళ్ళిన మూలుగు.
"ఉండనీయండి" అన్నాను.
డబ్బులు వద్దన్నాడు. ఇచ్చాను.

రాత్రి వంటింటి గట్టు మీద
చెంబు నిండా నీళ్ళు పోసి పెట్టాను.
సొట్ట వైపుకి ఒరిగే నిలబడింది.
లోపల నీళ్ళు మాత్రం సమంగా.

మాటు దగ్గర ఒక చుక్క ఊరింది.
ఊరి, ఆలోచించి,
చాలాసేపటికి పడింది.
కింద ఏ గిన్నె పెట్టాలా అని
చూస్తున్నాను.